సెర్రో సెచిన్: తెగిన తలల గోడని ఎలా చదవాలి?

పెరూలో కాస్మా అనే ఊరి బయట, చెట్టూ చేమా లేని ఒక రాతి గుట్ట కింద పాత గుడి ఒకటి ఉంది. పేరు సెర్రో సెచిన్. దాని రాతి గోడ మీద దేవుళ్ళ బొమ్మలు లేవు, లతలూ పువ్వులూ లేవు. ఉన్నవి తెగిన తలలు. నరికిన చేతులు, విడిపోయిన కాళ్ళు, వెన్నుపూసల వరస, పేగుల చుట్ట. నడుము దగ్గర రెండు ముక్కలైన మనిషి, కడుపులోంచి పేగులు బయటికి జారుతుంటే. ఒక రాయి మీదైతే ఉట్టి కళ్ళే, పేర్చి పెట్టినట్టు. వీటన్నిటి మధ్యనుంచి టోపీలు పెట్టుకుని, గద లాంటివి పట్టుకున్న మగవాళ్ళు నడిచిపోతుంటారు. పక్కకి కూడా చూడరు.

చెక్కిన రాళ్ళు ఇప్పటిదాకా మూడు వందలకు పైగా దొరికాయి. గోడ వయసు దాదాపు మూడున్నర వేల ఏళ్ళు. పెరూ అనగానే గుర్తొచ్చే ఇన్కా సామ్రాజ్యానికి ఇది దాదాపు మూడు వేల ఏళ్ళు పెద్దది.

ఈ గోడ గురించి ముఖ్యంగా మూడు కథలు తిరుగుతుంటాయి. ఇది యుద్ధంలో గెలిచినందుకు కట్టిన విజయ స్మారకం అని ఒకటి. కాదు, నరబలి జరిగిన చోటు అని ఇంకొకటి. ఇవేవీ కావు, మనిషి శరీరాన్ని కోసి చదువుకున్న వైద్యశాల అని మూడోది. మూడింటికీ రుజువుగా చూపించేది ఈ గోడనే. గోడ ఎవరినీ కాదనదు. చిక్కంతా అక్కడే ఉంది.

అక్కడికి వెళ్తే కనబడేది

రాజధాని లిమా నుంచి పాన్ అమెరికన్ హైవే మీద ఉత్తరానికి దాదాపు 370 కిలోమీటర్లు వెళ్తే కాస్మా వస్తుంది. బస్సులో ఐదారు గంటలు. ఎడమ పక్క పసిఫిక్ సముద్రం, కుడి పక్క ఇసుక, రాయి. ఈ తీరంలో వాన దాదాపు పడదు. ఆండీస్ కొండల నుంచి దిగే నదుల వెంబడి మాత్రం సన్నటి పచ్చటి చారలు కనిపిస్తాయి. కాస్మా, సెచిన్ నదుల లోయ అలాంటిదే. ఊరి నుంచి గుడికి ఐదు కిలోమీటర్లు. అక్కడ మోటోటాక్సీ అని పిలిచే మూడు చక్రాల బండి ఎక్కితే సరిపోతుంది.

గుడి పెద్దదేం కాదు. నలుచదరంగా, మూలలు మాత్రం గుండ్రంగా తిప్పి కట్టారు. ఒక్కో పక్క సుమారు 50 మీటర్లు. దీనికి దగ్గర్లోనే ఉన్న సెచిన్ ఆల్తో దిబ్బ పక్కన పెడితే ఇది పిల్ల కట్టడం. సెచిన్ ఆల్తో ప్రధాన దిబ్బే దాదాపు 300 మీటర్ల పొడవు, 250 మీటర్ల వెడల్పు. దాని కాలానికి అమెరికా ఖండాల్లోకెల్లా అతి పెద్ద కట్టడాల్లో ఒకటి. అయినా జనం వచ్చేది ఈ చిన్నదాన్ని చూడటానికే. రక్తానికి ఆ ఆకర్షణ ఉంది మరి, మనం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.

ఒక రాయి దగ్గర ఆగుదాం. మనిషి తల, పక్క నుంచి చూసినట్టు చెక్కారు. కన్ను మూసి ఉంది, ఒంపు తిరిగిన ఒకే ఒక్క గీత. నోరు కొంచెం తెరిచి ఉంది, పళ్ళు కనిపిస్తున్నాయి. నెత్తి మీంచి వెనక్కి వెంట్రుకలు పాయలు పాయలుగా పడుతున్నాయి. ఇంకో తల మీద ఇలాంటి పాయలే కంటి కింద నుంచి దిగుతుంటాయి. అవి వెంట్రుకలు కావు, రక్తం. శిల్పి రెండింటికీ ఒకే రకం గీత వాడాడు. ఏది జుట్టో, ఏది నెత్తురో అది మొదలయ్యే చోటుని బట్టి మనమే పోల్చుకోవాలి. మొహంలో ఏడుపు గానీ భయం గానీ లేదు. ఇనుము అసలే లేని కాలంలో, గట్టి రాయితో ఇంకో గట్టి రాయిని కొట్టి, అరగదీసి తీసిన గీతలివి. రాయేమో గ్రానైట్. చేయి తిరిగినవాడి పని అని వేరే చెప్పక్కర్లేదు.

గీతల లోతు తక్కువ. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు ఫొటోలో సగం బొమ్మ కనబడదు. వెలుగు పక్కనుంచి వాలుగా పడే వేళకి వెళ్తే నీడలు నిండి గీతలు లేస్తాయి. గోడని తాకనివ్వరు, గీసిన దారిలోనే తిరగాలి. పక్కనే మాక్స్ ఉలె పేరు పెట్టిన మ్యూజియం ఉంది. ఆయన 1856 నుంచి 1944 దాకా జీవించిన జర్మన్ పురావస్తు శాస్త్రవేత్త, పెరూలో చాలాకాలం తవ్వకాలు చేశాడు. మ్యూజియం చూసి గోడ దగ్గరికి వెళ్ళాలా, గోడ చూసి మ్యూజియంకి రావాలా అంటే, నా ఓటు గోడకే. ముందే చెప్పిన కథ చెవిలో పడితే కళ్ళు దాన్నే వెతుకుతాయి.

తవ్వినవాడి మనసులోని బొమ్మ

1937 జులై 1న ఈ చోటుని గుర్తించి తవ్వకం మొదలుపెట్టినవాడు హులియో సి. టెయ్యో. పెరూ పురావస్తు శాస్త్రానికి పితామహుడని ఆయన్ని పిలుస్తారు. 1880లో వారోచిరి అనే కొండ ప్రాంతంలో కెచువా మాట్లాడే ఆదివాసీ కుటుంబంలో పుట్టాడు. లిమాలో వైద్యం చదివాడు, ఆపైన హార్వర్డ్‌కి వెళ్ళి మానవశాస్త్రం చదివాడు. పెరూ నాగరికతకి వేళ్ళు పెరూ నేలలోనే ఉన్నాయని, బయటి నుంచి ఎవరో తెచ్చి ఇచ్చింది కాదని జీవితమంతా వాదించాడు. ఆ వేళ్ళు కొండల్లోని చావిన్ దె వాంతార్ అనే గుడిలో ఉన్నాయని ఆయన నమ్మకం. చావినే తల్లి, మిగతావన్నీ పిల్లలు.

కాబట్టి సెర్రో సెచిన్ కనబడగానే దాన్ని కూడా చావిన్ సంతానంలోనే వేశాడు. ఆయన్ని తప్పుపట్టలేం. రాయి వయసు చూపించే సాధనం అప్పటికి లేదు. టెయ్యో 1947లో చనిపోయాడు. కార్బన్ 14తో వయసు కట్టే పద్ధతి ఫలితాలు రావడం మొదలైంది ఆ తర్వాత రెండేళ్ళకి. ఆ లెక్కలు వచ్చాక కథ తలకిందులైంది. సెర్రో సెచిన్ రాతి గోడ చావిన్ కంటే కొన్ని వందల ఏళ్ళు ముందుది. పిల్ల అనుకున్నది తల్లి కంటే పెద్దదని తేలింది.

నిజానికి బొమ్మల్ని పక్కపక్కన పెట్టి చూసినా అనుమానం రావాల్సిందే. చావిన్ శిల్పాల్లో మనిషికి కోరలుంటాయి, జుట్టు పాములవుతుంది, కాళ్ళకి గద్ద గోళ్ళుంటాయి. అక్కడ మనిషి, మృగం, దేవుడు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. సెచిన్ గోడ మీద అలాంటి కలగాపులగం లేదు. ఉన్నదంతా మనిషే. నిలబడ్డ మనిషి, లేదా ముక్కలైన మనిషి. ఈ తేడా ముఖ్యమైనదని నాకనిపిస్తుంది. ఎందుకంటే ఆ మొదటి పొరపాటు బొమ్మలో లేదు, చూసినవాడి మనసులో అప్పటికే ఉన్న బొమ్మలో ఉంది. గోడకి అర్థం చెప్పే పనిలో ఆ తర్వాత కూడా అదే జరుగుతూ వచ్చింది.

రాళ్ళ వరస, గోడ వెనక గుడి

గోడలో రాళ్ళు ఇష్టం వచ్చినట్టు పెట్టినవి కావు. మనిషి కంటే ఎత్తైన నిలువు రాళ్ళ మీద ఆయుధం పట్టినవాళ్ళు ఉంటారు. ఒక నిలువు రాయికీ ఇంకో నిలువు రాయికీ మధ్య జాగాలో చిన్న రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. తలలు, చేతులు, కాళ్ళు, లోపలి అవయవాలు ఈ చిన్న రాళ్ళ మీదే. ఆయుధం పట్టినవాళ్ళు గుడి వెనక గోడ దగ్గర బయల్దేరి, రెండు వరసలుగా విడిపోయి, చెరో పక్కనుంచీ ముందుకి నడిచి వచ్చి ప్రధాన ద్వారం దగ్గర కలుస్తారు. ద్వారానికి రెండు పక్కలా జెండా కర్రల్లాంటి బొమ్మలు చెక్కిన రాళ్ళున్నాయి. మొత్తంగా చూస్తే ఇది ఊరేగింపు. దాని కాళ్ళ పక్కన, దారి పొడుగునా, శరీర భాగాలు.

అన్ని రాళ్ళూ దొరికినప్పుడు తమ తమ చోట్లలో లేవు. కొన్ని పడిపోయి దొరికాయి. వెనక గుట్ట మీంచి జారిన మట్టీ రాళ్ళూ గుడిని కప్పేశాయి. దాన్ని కాపాడింది కూడా అదే పూడిక. 1970ల్లో మళ్ళీ పెద్దఎత్తున తవ్వినప్పుడు ఇంకా చాలా రాళ్ళు బయటపడ్డాయి, గోడ అమరిక అప్పటికి గానీ స్పష్టంగా తెలియలేదు. ఆ మధ్యలోనే, 1970 మే 31న, కాస్మా ఉన్న అన్‌కాష్ ప్రాంతాన్ని భయంకరమైన భూకంపం కుదిపేసింది. దాదాపు 70,000 మంది చనిపోయారు. ఈ తీరంలో దేన్నైనా నిలబెట్టి ఉంచడం ఎంత కష్టమో అది చెబుతుంది.

తవ్వకాల్లో తేలిన అసలు సంగతి ఇంకొకటుంది. రాతి గోడ ఒక తొడుగు మాత్రమే. దాని లోపల అంతకంటే పాత మట్టి గుడి ఉంది, అదీ ఒక్కసారి కట్టింది కాదు, మార్చి మార్చి కట్టింది. ఇటుకలు మామూలు ఆకారంలో ఉండవు. శంకువులా, కింద వెడల్పుగా పైన మొనదేలి ఉంటాయి. ఆ మట్టి గుడి లోపలి గదికి పిల్లి జాతి మృగాల పెద్ద బొమ్మలు రంగుల్లో వేసి ఉన్నాయి. ఇంకో చోట మట్టి గోడ మీద చేపలు. ఇంకో చోట తల కిందికి, కాళ్ళు పైకి ఉన్న మనిషి. కళ్ళు మూసి ఉన్నాయి. తలలోంచి రక్తం ధారలు కడుతోంది.

ఈ తలకిందుల మనిషిని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తాడు.

ఇక్కడ ఒక తేలికైన వివరణ నోటికొస్తుంది. బయట జనం కోసం భయం, లోపల పూజారుల కోసం రహస్యం, అని. వినడానికి బాగుంది. కానీ లోపలి మృగాలు, బయటి రాతి గోడ ఒకే కాలానివి కావు. ఒకటి పాత దశ, ఇంకొకటి తర్వాతి దశ. రెండూ కలిపి చూస్తున్నది మనమే. ఆ గుడికి వచ్చినవాళ్ళెవరూ రెండింటినీ పక్కపక్కన చూసి ఉండకపోవచ్చు.

మూడు కథల్ని గీటురాయి మీద పెడితే

ముందు వైద్యశాల కథ, ఎందుకంటే దాన్ని త్వరగా తేల్చొచ్చు. దానికి బలం వివరాల్లో ఉంది. అన్నవాహిక, జీర్ణాశయం, పేగులు వరసగా ఒకే రాయి మీద చూపించారు. వెన్నుపూసలు విడివిడిగా తెలుస్తాయి. ఇది లోపల చూసినవాడు వేసిన బొమ్మే. కానీ శరీరం లోపల ఏముందో తెలియడానికి చదువు అక్కర్లేదు, కోయడం చాలు. వైద్యం నేర్పే బొమ్మల మధ్యలో గదలు పట్టుకున్నవాళ్ళు ఊరేగింపుగా ఎందుకు నడుస్తున్నారన్నదానికి ఈ కథ దగ్గర జవాబు లేదు. పెరూలో పుర్రెకి రంధ్రం చేసే శస్త్రచికిత్స ఉన్నమాట నిజమే, దక్షిణ తీరంలోని పరాకాస్ అనే చోట దొరికిన పుర్రెల మీద మానిన గుర్తులు కూడా ఉన్నాయి. అది ఈ గోడకి దాదాపు వెయ్యేళ్ళ తర్వాతి సంగతి.

యుద్ధం కథ ఇంత తేలిగ్గా పడిపోదు. ఆయుధం పట్టినవాడు, పక్కన తెగిన తల. చిన్నపిల్లాడికి చూపించినా యుద్ధమే అంటాడు. కొందరు పరిశోధకులు ఒక అడుగు ముందుకేసి, బయటి నుంచి వచ్చినవాళ్ళు లోయని గెలిచి, ఆ గెలుపుకి గుర్తుగా ఈ గోడ కట్టారన్నారు.

అయితే గోడ మీద లేనిదాన్ని కూడా చూడాలి. పోరాటం లేదు. ఒకడు కొడుతుంటే ఇంకొకడు కాచుకోవడం లేదు. పారిపోతున్నవాడు లేడు, కాలుతున్న ఊరు లేదు. ఒక్కో రాయి మీద ఒక్కో మనిషి, లేదా ఒక్కో ముక్క. ఆయుధం పట్టినవాళ్ళకి టోపీ, నడుముకి గుడ్డ ఉన్నాయి. ముక్కలైనవాళ్ళ ఒంటి మీద వాళ్ళు ఫలానా అని తెలిపే గుర్తు ఒక్కటీ లేదు. శత్రువుని గెలిచానని చెప్పుకునేవాడు ఆ శత్రువు ఎవడో చెప్పకుండా ఉంటాడా? రాత లేని సమాజం కాబట్టి పేరు చెక్కలేకపోవచ్చు, కానీ తలపాగాతోనో నగతోనో చూపించొచ్చు కదా.

రెండో ఇబ్బంది నేల మీద ఉంది. ఆ కాలపు లోయలో యుద్ధ భయంతో బతికిన జనం వదిలివెళ్ళే గుర్తులు, అంటే కోటగోడలు, కాపలా బురుజులు, అంతగా కనబడవు. పెద్ద పెద్ద దిబ్బలు, తెరిచి ఉన్న మైదానాలు కట్టారు. యుద్ధం నిజంగా లోయని పట్టుకున్నప్పుడు ఎలా ఉంటుందో చూడాలంటే దూరం వెళ్ళక్కర్లేదు. ఇదే కాస్మా లోయలో చాంకియ్యో ఉంది. సెచిన్ గోడకి వెయ్యేళ్ళకి పైగా తర్వాతిది. గుట్ట మీద వలయాలుగా మందపాటి గోడలు, చుట్టు తిప్పే ద్వారాలు. ఎదురుగా దిబ్బ మీద సూర్యుడి కదలికని లెక్కపెట్టడానికి కట్టిన పదమూడు బురుజులు కూడా అక్కడే. వాటివల్లే 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది.

మూడో ఇబ్బంది ఆ తలకిందుల మనిషి. బయటివాళ్ళు వచ్చి ఈ రక్తపాతాన్ని తెచ్చిపెట్టారంటే, వాళ్ళు రాకముందు కట్టిన మట్టి గుడిలో నెత్తురోడుతున్న మనిషి బొమ్మ ఎందుకుంది? మట్టిలో ఒక్కడు, తర్వాత రాతిలో వందలు. భావం పాతదే, మారింది కొలత. నన్నడిగితే ఆ దండయాత్ర కథకి పెద్ద దెబ్బ ఇదే.

ఇక మిగిలింది నరబలి. గోడ ఊరేగింపు రూపంలో ఉండటం, కట్టడం గుడి కావడం, ముక్కల్ని వరసగా పద్ధతిగా పేర్చడం, అన్నీ అటే చూపిస్తాయి. నేనూ అటే మొగ్గుతాను. కానీ మొగ్గడం వేరు, తేల్చడం వేరు. ఈ గోడకి జోడీగా నిలబెట్టగల ఎముకల గుట్ట సెర్రో సెచిన్‌లో దొరకలేదు. ఎముక ఉంటే మాట ఎంత మారిపోతుందో పెరూలోనే ఇంకో చోట తెలిసొచ్చింది.

ఎముకలు మాట్లాడిన చోటు

కాస్మాకి ఉత్తరాన, త్రుహియ్యో అనే నగరం దగ్గర, ఇన్కాలకి చాలా ముందే ఈ తీరంలో బతికిన మోచె జనం కట్టిన వాకా దె లా లూనా అనే గుడి ఉంది. మోచె కుండల మీద ఒక దృశ్యం పదే పదే వస్తుంది. బట్టలు ఊడదీసిన బందీల గొంతు కోస్తారు, ఆ రక్తం నింపిన పాత్రని అలంకరించుకున్న ఒక పెద్దమనిషికి అందిస్తారు. చాలాకాలం పాటు ఇది దేవుళ్ళ కథేనని, నిజంగా జరిగింది కాదని చాలామంది అనుకున్నారు. 1987లో సిపాన్ అనే చోట పురావస్తు శాస్త్రవేత్త వాల్టర్ ఆల్వా ఒక మోచె ప్రభువు సమాధి తెరిచాడు. లోపలున్నవాడి ఒంటి మీద నగలు, కిరీటం కుండ మీది పెద్దమనిషివే. బొమ్మలోని వేషం వేసుకుని నిజంగా మనుషులు తిరిగారన్నమాట.

1995లో వాకా దె లా లూనాలో ఒక ప్రాంగణం తవ్వితే కనీసం 70 మంది మగవాళ్ళ ఎముకలు బయటపడ్డాయి. మెడ పూసల మీద కోత గుర్తులు. కొందరివి వానకి కరిగిన బురద పొరల్లో ఉన్నాయి. ఎప్పుడూ వాన పడని తీరంలో అంత వానంటే, పసిఫిక్ నీళ్ళు వేడెక్కి ఇక్కడ కుండపోత కురిపించే ఎల్ నీన్యో వచ్చిన ఏడాది అయ్యుండాలి. కొందరి ఎముకల్లో పాత విరుపులు మానిపోయి ఉన్నాయి, కొందరివి అప్పుడప్పుడే మానడం మొదలైంది. ఆ రెండో రకం చాలా చెబుతుంది. దెబ్బ తగిలిన రోజునే చంపలేదు. కొన్ని వారాలు బతకనిచ్చి, తర్వాత తెచ్చి చంపారు. పోరాటం, బంధించడం, ఎదురుచూపు, కోత. బొమ్మలో ఒకే దృశ్యంగా కనిపించేది నిజంలో ఇన్ని మెట్లు.

అయినా అక్కడ కూడా పెద్ద ప్రశ్న మిగిలే ఉంది. చనిపోయినవాళ్ళు పక్క లోయల నుంచి పట్టుకొచ్చిన శత్రువులా, లేక సొంతవాళ్ళే ఒక నియమం ప్రకారం తలపడి ఓడినవాళ్ళా? పళ్ళ ఆకారం పోల్చినవాళ్ళు బయటివాళ్ళన్నారు. డీఎన్‌ఏ చూసినవాళ్ళు స్థానికులే కావచ్చన్నారు.

దక్షిణాన నాస్కాలో జరిగిన సంగతి ఇంకా ఆలోచనలో పడేస్తుంది. అక్కడ నుదుట రంధ్రం చేసి తాడు కట్టిన తలలు చాలా దొరికాయి. ఇంగ్లిష్‌లో వాటికి ట్రోఫీ హెడ్స్ అని పేరు పెట్టారు. పేరులోనే తీర్పు ఉంది, గెలిచి తెచ్చుకున్నవని. 2009లో పురావస్తు శాస్త్రవేత్త కెల్లీ నడ్సన్ బృందం ఆ తలల పళ్ళని పరీక్షించింది. పంటి పైపొర చిన్నతనంలో తయారై అలాగే ఉండిపోతుంది. ఏ నేల తిండి తిని, ఏ నీళ్ళు తాగి పెరిగారో స్ట్రాంషియం లాంటి మూలకాల పాళ్ళలో దాగి ఉంటుంది. మామూలుగా పూడ్చిన నాస్కా జనం పాళ్ళూ ఈ తలల పాళ్ళూ ఒకేలా వచ్చాయి. అవి దూరదేశపు శత్రువుల తలలు కావు, అక్కడివాళ్ళవే. పూర్వీకుల తలలా, బలి ఇచ్చినవాళ్ళవా అన్నది వేరే చర్చ. కానీ తెగిన తల అంటే శత్రువు తలే అన్న లెక్క తప్పింది.

ఈ రెండు చోట్లనూ సెర్రో సెచిన్‌కి అప్పు తెచ్చుకోవాలనిపిస్తుంది. జాగ్రత్తగా తెచ్చుకోవాలి. సెచిన్ గోడకీ ఆ మోచె బలులకీ మధ్య రెండు వేల ఏళ్ళు ఉన్నాయి. నేల ఒకటే అయినంత మాత్రాన మనుషుల ఆలోచన రెండు వేల ఏళ్ళు కదలకుండా కూర్చోదు. ఎడారి లోయలో నీటి కోసం రక్తం ధారపోయడం అనే భావం సెచిన్‌లోనూ ఉండొచ్చు. మట్టి గోడ మీది చేపలు, నీళ్ళలా పారే రక్తపు గీతలు చూస్తే అనిపిస్తుంది కూడా. అనిపించడం దగ్గరే ఆగాలి.

నాట్యం చేసే శవాలు

బొమ్మ ఒకటే ఉండి అర్థం మారిపోతూ ఉండటం చూడాలంటే మెక్సికోలోని మోంటె అల్బాన్ కంటే మంచి చోటు లేదు. ఓఅహాకా లోయలో కొండ మీద, క్రీ.పూ. 500 ప్రాంతంలో మొదలైన నగరం. అక్కడ మూడు వందలకు పైగా రాతి పలకల మీద బట్టల్లేని మగవాళ్ళు, వంకర తిరిగిన కాళ్ళూ చేతులతో ఉంటారు. మొదట చూసినవాళ్ళు వీళ్ళు డాన్స్ చేస్తున్నారనుకుని స్పానిష్‌లో దాన్సాంతెస్ అన్నారు, అంటే నాట్యం చేసేవాళ్ళు. తర్వాత ఒకరు ఈతగాళ్ళన్నారు, ఇంకొకరు రోగులన్నారు. ఇక్కడా ఒక వైద్యశాల కథ పుట్టింది, చూశారా.

1962లో అమెరికన్ పురావస్తు శాస్త్రవేత్త మైకేల్ కో ఒక మామూలు సంగతి ఎత్తి చూపించాడు. కళ్ళు మూసి ఉన్నాయి, నోరు తెరిచి ఉంది, ఒంటి మీద బట్ట లేదు, శరీరం పడేసినట్టుంది. ఇవి శవాలు, చంపేసిన బందీలు. ఆ మాట ఎంత బలంగా నాటుకుందంటే చాలామంది ఇప్పటికీ అదే చెబుతారు. ఆ తర్వాత హవియెర్ ఉర్సీద్ అనే ఇంకో పరిశోధకుడు దాన్ని కూడా కదిపాడు. ఆయన లెక్కలో వీళ్ళు బందీలు కారు, తమ రక్తాన్ని తామే అర్పించుకుంటున్న యోధులు. బాధితులన్న మాటే పోయింది. రాయి మాత్రం అదే రాయి.

అందుకే సెచిన్ గోడ దగ్గర నాకు ఒక అనుమానం వదలదు. ముక్కలైనవాళ్ళని మనం వెంటనే ఓడినవాళ్ళనుకుంటాం. గద పట్టినవాడు చంపినవాడు, పక్కనున్న తల చచ్చినవాడిది. కానీ ఆయుధం తగులుతున్న దృశ్యం ఎక్కడా లేదు కదా. ఒక రాయికీ పక్క రాయికీ మధ్య సంబంధాన్ని మన కళ్ళే కలుపుతున్నాయి. ఆ కలపడం సరైనదే కావచ్చు, నేనూ అలాగే కలుపుతున్నాను. కాకపోతే గోడ చూపిస్తున్నదేదో, మనం జోడిస్తున్నదేదో తెలిసుండాలి. గోడ రుజువు చేసేది ఒక్కటే. ఈ లోయ పెద్దలు ఒక కాలంలో తెగిన శరీరాన్ని దాచుకోలేదు, గుడి బయటి గోడకెక్కించి వచ్చేపోయేవాళ్ళందరికీ చూపించారు. అంత గ్రానైట్ మీద అంతమంది శ్రమ ఖర్చుపెట్టి మరీ చూపించారు. ఎన్ని తలలు నిజంగా తెగాయన్నది ఎముకలు చెప్పాల్సిన సంగతి.

ఎటునుంచి నడవాలి

వెళ్ళేవాళ్ళకి ఒక చిన్న మాట. చాలామంది ముందు ద్వారం దగ్గర నిలబడి, ఫొటో తీసుకుని, అక్కణ్ణుంచి చుట్టూ తిరగడం మొదలుపెడతారు. అంటే ఊరేగింపుని చివర నుంచి చూస్తున్నారు. గద పట్టినవాళ్ళందరూ వాళ్ళకి ఎదురొస్తుంటారు, తలలు ఎటునుంచి ఎటు వెళ్తున్నాయో అర్థం కాదు, కాసేపటికి అన్నీ ఒకేలా కనిపించి విసుగొస్తుంది.

గీసిన దారి అటు వెళ్ళనిస్తే, ముందు ఏ రాయి దగ్గరా ఆగకుండా వెనక గోడ దాకా వెళ్ళిపోండి. అక్కడ రెండు వరసలు విడిపోయే చోటు చూసుకుని, ఏదో ఒక పక్క పట్టుకుని, రాతి మనుషులు నడిచే వైపే నడవండి. నాలుగైదు నిలువు రాళ్ళు దాటేసరికి అడుగు కుదురుతుంది. ఒక మనిషి, కొన్ని ముక్కలు. మళ్ళీ మనిషి, మళ్ళీ ముక్కలు. గుండ్రంగా తిప్పిన మూల దగ్గర గోడ ఎక్కడా తెగదు, వరస ఆగకుండా తిరుగుతుంది. మూలలు అలా ఎందుకు కట్టారో అప్పుడు తోస్తుంది. రెండో మూల తిరిగాక ద్వారం కనబడుతుంది. అవతలి పక్కనుంచి వచ్చే వరస కూడా అప్పుడే కంట్లో పడుతుంది. మధ్యలో, అటొకటి ఇటొకటి, ఆ రెండు జెండా రాళ్ళు.